అందరికీ ఒకే గ్లైడర్: ఒలింపియా మైజె గురించి

1940 జూలై 20న హెల్సింకిలో ఒలింపిక్ క్రీడలు మొదలు కావలసి ఉంది. ఆ క్రీడల్లో గ్లైడింగ్‌కు కూడా చోటివ్వాలని పెద్దలు అప్పటికే నిర్ణయించారు. ఇంజను లేని విమానం, అందులో ఒక్క మనిషి, పైకి లేచే గాలి తప్ప వేరే ఆధారం లేదు. యుద్ధం వచ్చింది, ఆ ఒలింపిక్స్ జరగలేదు. ఆ తర్వాత ఏ ఒలింపిక్స్‌లోనూ గ్లైడింగ్ పోటీ పెట్టలేదు. కానీ ఆ పోటీ కోసం ముందుగానే ఎంపిక చేసి సిద్ధంగా ఉంచిన గ్లైడర్ ఒకటి ఉంది. జర్మనీకి చెందిన హాన్స్ యాకోబ్స్ గీసిన ఒలింపియా మైజె. దాని గురించి తెలుగులో వివరంగా రాయాలని చాలాకాలంగా నా కోరిక.

పాత గుంటూరులో మాది వడ్రంగి షాపు. నాన్న నడిపిన షాపును ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ద్వారబంధాలు, తలుపులు, మంచాలు, ఈ మధ్య వంటింటి అలమరాలే ఎక్కువ. మా ఇంట్లో విమానాల జోలికి వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు. నేను మైజె దగ్గరికి చేరింది చెక్క దారిలోనే. పాత గ్లైడర్ రెక్కను అడ్డంగా కోస్తే లోపల ఏముంటుందో చూపించే బొమ్మ ఒకటి నా కంటపడింది. ఏ బద్ద అక్కడ ఎందుకు ఉందో, ఏ అతుకు మీద బరువు పడుతుందో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఇది మా పనే, గాలిలోకి వెళ్ళింది అంతే అనిపించింది. అప్పటినుంచి ఆ ధ్యాస వదలలేదు.

ముందు పోటీ సంగతి చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందం జర్మనీలో ఇంజను విమానాలను కట్టడి చేసింది. ఎగరాలన్న కోరికను ఏ ఒప్పందమూ కట్టడి చేయలేదు కదా. 1920 నుంచి రోన్ కొండల్లో, వాసర్‌కుప్పె అనే కొండ మీద ఏటా గ్లైడర్ల పోటీలు జరిగాయి. 1921లో హానోవర్ నుంచి వాంపైర్ అనే గ్లైడర్ వచ్చింది. మరుసటి సంవత్సరం దాని మీద హెంట్‌సెన్ అనే కుర్రవాడు మూడు గంటలకు పైగా గాలిలో నిలిచాడు. కొండ అంచున పైకి లేచే గాలిని పట్టుకుని నిలవడం అలా మొదలై, ఎండకు వేడెక్కిన నేల మీద నుంచి లేచే గాలి సుడులను పట్టుకుని వందల కిలోమీటర్లు వెళ్ళడం దాకా వచ్చింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో గ్లైడింగ్‌ను పోటీగా కాక ప్రదర్శనగా చూపారు. అయితే ఆల్ప్స్ పర్వతాల మీదుగా గ్లైడర్ నడిపినందుకు స్విట్జర్లాండ్ పైలట్ హెర్మన్ ష్రైబర్‌కు అదే ఒలింపిక్స్‌లో బంగారు పతకం ఇచ్చారు. 1937లో వాసర్‌కుప్పె మీదే మొదటి అంతర్జాతీయ పోటీ జరిగింది. హైని డిట్‌మార్ గెలిచాడు. ఆయన నడిపిన ఫాఫ్‌నిర్ 2 రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు 19 మీటర్లు.

అసలు ఇబ్బంది అక్కడే ఉంది. గ్లైడర్‌లో రెక్క ఎంత పొడవైతే అంత లాభం. సన్నగా, పొడవుగా ఉన్న రెక్క తక్కువ ఎత్తు కోల్పోయి ఎక్కువ దూరం పోతుంది. డబ్బు, పరిశోధనశాల, నిపుణులు ఉన్న దేశం పెద్ద రెక్క కడుతుంది, గెలుస్తుంది. అప్పుడు గెలిచింది పైలటా, కార్ఖానాయా? మా ప్రాంతంలో సంక్రాంతికీ శివరాత్రికీ జరిగే ఎడ్ల బండలాగుడు చూసినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. పళ్ళను బట్టి ఎడ్లను విభాగాలు చేస్తారు. ఒక విభాగంలో ఎన్ని జతలు దిగినా బండ ఒకటే, సమయం ఒకటే. ఎవరి బండ వాళ్ళు తెచ్చుకుంటామంటే ఆ పోటీకి విలువ ఏముంటుంది?

ఒలింపిక్స్ కోసం కూర్చున్న అంతర్జాతీయ సంఘం సరిగ్గా ఆ మాటే అంది. పోటీదారులందరికీ ఒకే గ్లైడర్. దాని డ్రాయింగులు అన్ని దేశాలకూ ఇస్తారు, ఎవరి దేశంలో వాళ్ళు కట్టుకోవచ్చు. అలాగైతే అది మామూలు కార్ఖానాలో, మామూలుగా దొరికే చెక్కతో కట్టగలిగేలా ఉండాలి. అందుకని నియమాలు పెట్టారు. రెక్కల పొడవు 15 మీటర్లు, అంతకు మించకూడదు. రెక్క వెనక అంచున వంగే ఫ్లాపులు ఉండకూడదు. లోపలికి ముడుచుకునే చక్రం ఉండకూడదు. గాలి బ్రేకులు మాత్రం తప్పనిసరి. అవి తెరిచి ఉంచితే, ముక్కు నేలకు గురిపెట్టి దూకినా వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటకూడదు.

ఈ చివరి నియమం మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. ఆ రోజుల్లో పైలట్లు ఎత్తు కోసం మేఘాల్లోకి దూరేవారు. లోపల పైదేదో కిందిదేదో తెలియక, వేగం అదుపు తప్పి, రెక్కలు విరిగి చనిపోయినవాళ్ళున్నారు. రెక్క లోంచి పలకలు పైకి లేచి గాలికి అడ్డుపడే బ్రేకులను అభివృద్ధి చేసినవాళ్ళలో యాకోబ్స్ ముఖ్యుడు. దిక్కు తోచనప్పుడు ఒక్క పిడి లాగితే ప్రాణం దక్కేలా చేయడం, నా దృష్టిలో ఏ రికార్డుకూ తీసిపోని పని.

1939 ఫిబ్రవరిలో ఇటలీలో, రోమ్‌కు దక్షిణాన ఉన్న సెజ్జెలో గ్లైడర్లను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. అనేకమంది పైలట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కి చూశారు. మైజె ఎంపికైంది, దాని పేరు ముందు ఒలింపియా చేరింది. ఓడినవాటిలో పోలండ్ గ్లైడర్ ఓర్లిక్ కథ కూడా చెప్పకుండా ఉండలేను. దాన్ని గీసిన అంటొని కొత్సియాన్ యుద్ధకాలంలో పోలండ్ రహస్య ప్రతిఘటన దళంలో చేరి, జర్మన్ల వి-1, వి-2 ఆయుధాల సమాచారం సేకరించాడు. 1944 ఆగస్టులో వార్సాలో జర్మన్లు ఆయనను కాల్చి చంపారు. ఆయన గీసిన ఓర్లిక్ ఒకటి 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం అమెరికా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. దాన్ని సంపాదించుకున్న పాల్ మెక్‌క్రెడీ అనే యువకుడు 1948లోనూ 1949లోనూ అమెరికా జాతీయ పోటీలు దాని మీదే గెలిచాడు. తర్వాత ఆయన 1956లో ప్రపంచ విజేత కూడా అయ్యాడు. మనిషి కండబలంతో ఎగిరే గోసమర్ కాండర్‌ను 1977లో తయారు చేయించింది ఈ మెక్‌క్రెడీయే. సెజ్జెలో ఓడిన గ్లైడర్ అంత మనిషికి చదువు చెప్పింది.

ఇక చెక్క దగ్గరికి వస్తాను. మైజెలో పైకి కనిపించే విశేషం ఏదీ లేదు. ఆ రోజుల్లో రెక్కను పక్షి రెక్కలా మధ్యలో వంచి కట్టడం గొప్ప. వంచిన రెక్క చూడ్డానికి బాగుంటుంది, కానీ దూలాన్ని వంపుగా అతికించడం కష్టం, ఖరీదు. యాకోబ్స్ ఆ వంపు వద్దనుకుని, తిన్నగా, కొసలకు సన్నబడుతూ, కాస్త పైకి లేచి ఉండే రెక్క పెట్టాడు. వైశాల్యం 15 చదరపు మీటర్లు. బలమంతా ముందు భాగంలో ఉంటుంది. నిలువుగా ఒకే ఒక ప్రధాన దూలం. దాని ముందు రెక్క ముక్కు చుట్టూ పల్చటి ప్లైవుడ్ చుట్టి, ఆ దూలానికే అతికిస్తారు. దూలం వెనక తేలికైన పక్కటెముకలు, వాటి మీద బిగించిన గుడ్డ, అంతే. ఈ పద్ధతికి మూలం ఆ వాంపైర్ రెక్కే.

చదివితే ఇంతే. చేత్తో తెలుసుకోవాలని, మా షాపులో అసలు కొలతతో ఒక మీటరు రెక్క కట్టాం. ఎగరడానికి కాదు, చూడ్డానికి. ఇలాంటి రెక్కలకు వాడే పల్చని బర్చ్ ప్లైవుడ్ మా అడితిలో దొరికే సరుకు కాదు, బయటినుంచి తెప్పించాను. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. మా షాపులో నాన్న కాలం నుంచి పనిచేస్తున్న పెద్ద మేస్త్రిని నేను బాబాయ్ అంటాను. ఆయన ఆ రేకును వేళ్ళ మధ్య పట్టుకుని వంచి చూసి, "ఇంత పల్చని చెక్క మనిషిని మోస్తుందా అమ్మాయ్?" అన్నారు.

అతుకు దగ్గర మాత్రం ఆయనకు నేను చెప్పవలసింది ఏమీ లేకపోయింది. విమానపు ప్లైవుడ్‌ను అంచుకు అంచు ఆనించి అతికించరు. రెండు అంచులనూ ఏటవాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడతారు. ఆ వాలు మందానికి పన్నెండు రెట్లయినా ఉండాలి. అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకుకు 18 మిల్లీమీటర్ల వాలు. బాబాయ్ నాలుగు రేకులు మెట్లు మెట్లుగా ఒకదాని వెనక ఒకటి జరిపి పేర్చి, బల్లకు బిగించి, చిత్రికతో అన్నిటికీ ఒకేసారి వాలు పట్టారు. ప్లైవుడ్ పొరల మధ్య కనిపించే జిగురు చారలు సమాంతరంగా, నిటారుగా వస్తే వాలు సరిగ్గా ఉన్నట్లు. ఎక్కడైనా ఆ గీత వంకర పోతే అక్కడ చిత్రిక ఎక్కువ తిన్నట్లు. ఆయన చారలు స్కేలు పెట్టి గీసినట్లు వచ్చాయి. యూరప్‌లో ఈ గ్లైడర్లు కట్టిన పనివాళ్ళు ఆ అంచులు చూసి ఉంటే ఆయనను బల్ల దగ్గరికి పిలిచి చోటిచ్చేవారు.

ముక్కు మూయక ముందు, దూలమూ పక్కటెముకలూ మాత్రమే ఉన్నప్పుడు, చట్రాన్ని చెరోవైపు పట్టుకుని మెలితిప్పాం. తేలిగ్గా తిరిగింది. తర్వాత ప్లైవుడ్‌ను వేడినీళ్ళలో తడిపి, ముక్కు మీదుగా వంచి, గుడ్డ పట్టీలు చుట్టి ఆరబెట్టాం. ఆరాక ఆ వంపు నిలిచింది. అప్పుడు జిగురు పెట్టి బిగించాం. ప్లైవుడ్ నార దూలానికి నేరుగా కాకుండా ఐమూలగా పోయేలా కోశాం, ఎందుకంటే మెలికను ఆపేది ఆ ఐమూల నారే. మర్నాడు మళ్ళీ చెరోవైపు పట్టుకున్నాం. ఈసారి కదల్లేదు. బాబాయ్ కాళ్ళు ఎడంగా పెట్టి, పట్టు మార్చి, "ఇంకోసారి తిప్పు" అన్నారు. కదల్లేదు. ఏ దుంగా అదనంగా వేయలేదు, బరువు పెద్దగా పెరగలేదు. తెరిచి ఉన్నదాన్ని పల్చటి రేకుతో మూసేశాం, అంతే. నేను ఇంతకాలం అలమరాల్లో వెనక పలకను సామాన్లు పడిపోకుండా ఆపేదిగానే చూశాను. ఇప్పుడు ప్రతి అలమరాకూ వెనక పలక మందం గురించి ఆలోచిస్తున్నాను.

జిగురు గురించి ఒక్క మాట. పాత గ్లైడర్లలో విరిగిన పాల గడ్డ నుంచి తీసే కేసీన్ జిగురు వాడేవారు. బాగా పట్టుకుంటుంది, కానీ తేమ తగిలితే బూజు పట్టి బలం పోతుంది. అందుకే పాత చెక్క గ్లైడర్లను ఉంచుకున్నవాళ్ళు అన్నిటికన్నా ముందు అతుకులను తట్టి చూస్తారు. మా ఊళ్ళో వానాకాలపు గాలిలో ఉండే చెమ్మకు తలుపులే ఉబ్బుతాయి. ఇక్కడ అలాంటి గ్లైడర్‌ను కాపాడటం తేలికైన పని కాదు.

మైజె ఎంత దూరం పోతుందో మా భూగోళంలో చెబుతాను. కదలని గాలిలో ఒక కిలోమీటరు ఎత్తు కోల్పోయేలోగా అది సుమారు 25 కిలోమీటర్లు ముందుకు పోతుంది. గుంటూరు మీద కిలోమీటరు ఎత్తున వదిలి ముక్కు ఈశాన్యానికి తిప్పితే, మంగళగిరి కొండ దాటి, ఉండవల్లి కాస్త దూరంలో ఉండగా నేలకు దిగుతుంది. యాకోబ్స్ గీసిందే, వైహె అనే 18 మీటర్ల ఇంకో గ్లైడర్ ఉంది. అది కిలోమీటరు ఎత్తుకు 29 కిలోమీటర్ల దాకా పోతుంది. అది దాదాపు ప్రకాశం బ్యారేజీ దగ్గరికి చేరుతుంది. మూడు మీటర్ల అదనపు రెక్కకు దక్కేది ఆ తేడా. అయితే గాలి ఎప్పుడూ కదలకుండా ఉండదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిర్చి యార్డు వైపు మధ్యాహ్నం తలెత్తి చూస్తే గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంటాయి. అక్కడ వేడిగాలి లేస్తోంది. మైజె కిందికి జారేది సెకనుకు ముప్పావు మీటరు కన్నా తక్కువ. గాలి అంతకన్నా వేగంగా లేస్తున్న చోటు కనిపెట్టి, అందులోనే తిరుగుతూ ఉండగలిగితే చాలు, ఉండవల్లి ఏమిటి, నందిగామ కూడా దాటవచ్చు. ఆ చోటు కనిపెట్టేది పైలట్. పోటీ పెట్టవలసింది ఆ నేర్పు మీద.

ఆ పోటీ జరగలేదు. 1940 మే 10న, ఒలింపిక్స్ మొదలు కావలసిన రోజుకు రెండు నెలల ముందు, జర్మన్ సైనికులు డి.ఎఫ్.ఎస్. 230 అనే గ్లైడర్లలో చప్పుడు లేకుండా బెల్జియంలోని ఎబెన్ ఎమాయెల్ కోట మీద దిగి దాన్ని లొంగదీశారు. ఆ గ్లైడర్‌ను రూపొందించింది కూడా హాన్స్ యాకోబ్సే. ఇది రాయకుండా మైజెను మెచ్చుకుంటూ పోవడం నాకు న్యాయంగా తోచదు. నాజీ ప్రభుత్వం కుర్రవాళ్ళకు గ్లైడింగ్ నేర్పించింది ఆట మీద ప్రేమతో కాదు.

యుద్ధం ముగిసేనాటికి మైజె డ్రాయింగులు బ్రిటన్ చేరాయి. చిల్టన్ అనే చిన్న కంపెనీ మొదటిది కట్టింది. తర్వాత ఆ పని న్యూబరీ ఊరి ఎలియట్స్ కంపెనీకి వెళ్ళింది. ఇక్కడ నాకు ప్రాణం లేచి వస్తుంది, ఎందుకంటే ఎలియట్స్‌ది ఫర్నిచర్ కార్ఖానా! యుద్ధకాలంలో హోర్సా సైనిక గ్లైడర్ల భాగాలు చేసి చేయి తిరిగిన పనివాళ్ళు, యుద్ధం అయ్యాక ఒలింపియాలు మొదలుపెట్టారు. 1947లో మొదటిది ఎగిరింది, మొత్తం 150 కట్టారు. ఫ్రాన్స్‌లో నోర్ 2000 పేరుతో దాదాపు వంద వచ్చాయి. ఏ దేశంలోనైనా, మామూలు చెక్కపని వచ్చినవాళ్ళు కట్టగలగాలన్న 1939 నాటి నియమం మాటల్లో మిగిలిపోలేదన్నమాట. బ్రిటన్ క్లబ్బుల్లో ఒక తరం పైలట్లు దూరప్రయాణాలు నేర్చుకున్నది ఈ గ్లైడర్లలోనే.

ప్రపంచ పోటీల్లో మాత్రం ఒలింపియాకు కిరీటం దక్కలేదు. 1948లో స్విట్జర్లాండ్‌లోని సామెడాన్‌లో పోటీలు జరిగాయి. అదే వేసవిలో లండన్ ఒలింపిక్స్ కూడా జరిగాయి, గ్లైడింగ్ లేకుండానే. సామెడాన్‌లో ఎవరి గ్లైడర్ వాళ్ళు తెచ్చుకోవచ్చు. స్వీడన్ పైలట్ పెర్ ఆక్సెల్ పెర్సన్ వైహె మీద గెలిచాడు. 1950లో స్వీడన్‌లోని ఊరెబ్రూలో బిల్లీ నిల్సన్, మళ్ళీ వైహె మీదే. యాకోబ్స్ పెద్ద గ్లైడర్ యాకోబ్స్ చిన్న గ్లైడర్‌ను రెండుసార్లు ఓడించింది. 1952లో ఫిలిప్ విల్స్ స్కై అనే 18 మీటర్ల గ్లైడర్ మీద గెలిచాడు. ఫలితాల పట్టిక మాత్రమే చూసేవాళ్ళకు ఒలింపియా ఒక సాధారణ గ్లైడర్‌గా కనిపిస్తుంది.

పట్టికలో కొంచెం కిందికి రండి. పెద్ద రెక్కల ఖర్చు పెరుగుతూ పోయి, సామాన్య క్లబ్బులకు పోటీలు అందకుండా అయ్యాక, ఒస్టివ్ అనే అంతర్జాతీయ శాస్త్రీయ సంస్థ ఒక కొత్త తరగతికి నియమాలు రాసింది. 15 మీటర్ల రెక్క, ఫ్లాపులు వద్దు, ముడుచుకునే చక్రం వద్దు, వేగాన్ని అదుపులో ఉంచే బ్రేకులు ఉండాలి. ఎక్కడో విన్నట్లు లేదూ? స్టాండర్డ్ క్లాస్ అని దానికి పేరు పెట్టి, 1958లో పోలండ్‌లోని లెష్నోలో మొదటిసారి పోటీ పెట్టారు. పోలండ్‌కే చెందిన ఆడమ్ వితెక్ ముహా స్టాండర్డ్ అనే గ్లైడర్ మీద గెలిచాడు. ఉత్తమ రూపకల్పన బహుమతి రుడాల్ఫ్ కైజర్ గీసిన చెక్క గ్లైడర్ కా-6కు వెళ్ళింది. ఆ కా-6 మీదే హైన్జ్ హూత్ 1960లోనూ 1963లోనూ ప్రపంచ విజేత అయ్యాడు. అందరూ అచ్చంగా ఒకే గ్లైడర్ నడపాలన్నంత దూరం వాళ్ళు వెళ్ళలేదు, అది నాకు లోటే. అయినా స్టాండర్డ్ క్లాస్ రెక్క నేటికీ 15 మీటర్లే. చక్రం ముడుచుకోవచ్చని తర్వాత ఒప్పుకున్నారు, చెక్క పోయి ఫైబర్‌గ్లాస్ వచ్చింది, ఆ కొలత మాత్రం ఎవరూ మార్చలేదు.

ఆ గాలి మన దేశానికీ వచ్చింది. మన పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రంలో ఎస్. రామామృతం గారు కార్తీక్ అనే, ఒక్క పైలట్ కూర్చునే గ్లైడర్ రూపొందించారు. అది 1963లో ఎగిరింది. చెక్కతో కట్టినది, రెక్క 15 మీటర్లు. మైజె మీటరు ముక్క మా షాపు గోడకు బిగించి ఉంది. దాని పక్కన కార్తీక్ రెక్క మీటరు ముక్క ఒకటి కట్టాలని నాకూ బాబాయ్‌కీ గట్టి పట్టుదల. మైజె లాంటి వాటికి యూరప్‌లో 1973 నుంచి పాత గ్లైడర్ల క్లబ్బు ఉంది, దాన్ని మొదలుపెట్టింది ఫిలిప్ విల్స్ కొడుకే. కార్తీక్‌కు అలాంటి అండ ఏదీ నాకు కనిపించలేదు. దాన్ని నడిపినవాళ్ళు, కట్టినవాళ్ళు, మరమ్మతు చేసినవాళ్ళు మీ ఇళ్ళలో ఎవరైనా ఉంటే, వాళ్ళ దగ్గర రెక్క డ్రాయింగు గానీ, గుడ్డ తీసేసినప్పటి ఫోటో గానీ మిగిలి ఉందేమో దయచేసి అడగండి. పక్కటెముకల మధ్య దూరం, దూలం కొలతలు, ముక్కు ప్లైవుడ్ మందం, ఈ మూడూ తెలిస్తే పని మొదలుపెట్టగలం.